ఉస్తాదు చేతిలో విరిగిన బోల్టు

దగ్గరికి జరగండి నాయనా. ఆ చెక్కపెట్టె మీద వద్దు, గ్రీజు అంటుతుంది. గోనె పరుచుకుని నా పక్కనే కూర్చోండి. పాత కార్ల పని నేర్చుకోవాలని వచ్చారు కదా, స్పానర్ పట్టుకోవడం ఎవరైనా నేర్పుతారు. నేను చెప్పబోయేది మాత్రం ఎవరూ నేర్పరు, చెప్పుకుంటే సిగ్గు కాబట్టి. కాస్త చెవిపెట్టి వినండి.

నా పేరు అప్పలరాజు. మాది సబ్బవరం దగ్గర పల్లె. అయిదో తరగతితో బడి మానేశాను. చెప్పేటప్పుడు తడబడకూడదని ఇదంతా కాగితం మీద రాసుకొచ్చాను. అక్షరాలు నావే, ఒత్తులూ దీర్ఘాలూ మా అమ్మాయి దిద్దింది. ముప్పై మూడేళ్లు విశాఖ వన్‌టౌన్‌లో ఒకే షెడ్డులో పనిచేశాను. ఆ షెడ్డు మస్తాన్ ఉస్తాదుది. నాకు పని పెట్టింది ఆయనే, పని నేర్పిందీ ఆయనే. ఆయనకి నేను చేసిన అన్యాయం చెప్పాలంటే ముందు ఆయన పని ఎలా ఉండేదో చెప్పాలి.

మన ఊరి బోల్టు

లోపలి ఊళ్లలో బండి తుప్పు పడితే పైపైన పడుతుంది. మన విశాఖ బండి అలా కాదు. సముద్రం మీంచి వచ్చే గాలిలోని ఉప్పు రాత్రీ పగలూ ఇనుములోకి దిగుతూనే ఉంటుంది. పైన రంగు నిగనిగలాడుతూ ఉంటుంది. కింద బోల్టేమో తను కూర్చున్న గూటితో కలిసిపోయి, బోల్టెక్కడ ఆగిందో గూడెక్కడ మొదలైందో తెలియకుండా అయిపోతుంది. దాన్నే పట్టేసిన బోల్టు అంటాం.

కొత్తవాళ్లు దాని దగ్గర మొదట చేసే పని బలం చూపించడం. ఉస్తాదు ఒంట్లో బలం పెద్దగా ఉండేది కాదు. సన్నటి మనిషి. ముందు తీగ బ్రష్షుతో తుప్పంతా గీకించేవాడు. కిరసనాయిలూ ఇంజనాయిలూ కలిపి చుక్కచుక్కగా బోల్టు మొదట్లో పోయించేవాడు. తర్వాత చిన్న సుత్తి తీసుకుని తల మీద మెల్లగా తడుతూ చెవి దగ్గరగా పెట్టేవాడు. పట్టు విడవని బోల్టు ఠంగుమంటుంది. నూనె లోపలికి దిగితే ఆ మోత కాస్త బొంగురు పోతుంది. అప్పుడు స్పానర్ వేసి, విప్పే వైపు కాదు, ముందు బిగించే వైపు పిసరంత తోసేవాడు.

మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. "బిగిస్తన్నారేటి ఉస్తాదూ? ఇప్పడానికి కదా కూకున్నాం" అన్నాను.

"తలుపు ఇరుక్కుపోతే ముందు లోనికి తొయ్యవేట్రా? అలగే ఇదీనూ. కదిలితే సాలు. ఎటు కదిలినాదన్నది తరవాత సూసుకుందాం" అన్నాడు.

అలా ఇటు పిసరంత, అటు పిసరంత. మధ్యలో మళ్లీ నూనె. అప్పటికీ రాకపోతే గ్యాసు మంట. మంట బోల్టుకి కాదు, బోల్టు చుట్టూ ఉన్న ఇనుముకి పెట్టాలి. బాగా వేడెక్కాక కొవ్వొత్తి ముట్టిస్తే మైనం కరిగి మరల్లోకి తనంతట తనే పాకిపోతుంది. తల అంచులు అరిగి గుండైపోయిన బోల్టుకి రెండు పక్కలా ఆకురాయితో గీసి, ఒక సైజు చిన్న స్పానర్ బిగుతుగా ఎక్కించాలి. తల పూర్తిగా ఊడిపోతే, మిగిలిన మొండి మీద ఒక నట్టు పెట్టి వెల్డింగ్ చేసి, చేత్తో ముట్టుకునేంత చల్లారేదాకా ఆగి తిప్పాలి. మీకు చెబుతున్నవాటిలో సగానికి సగం ఆగడమే. ఈ పనిలో ఆగలేనివాడు ఎంత తెలివైనవాడైనా పనికిరాడు. ఇది నేను నన్ను చూసి అంటున్న మాట.

ఇప్పుడు గాలితో తిరిగే గన్నులొచ్చాయి. చకచకా విప్పేస్తాయి, కాదనను. కానీ గన్ను పట్టుకున్నవాడి చేతికి బోల్టు ఎప్పుడు మెత్తబడిందో తెలియదు. బోల్టు కదలడం వేరు, మెత్తబడడం వేరు. కదిలే బోల్టు కీచుమని ఒక్క అరుపు అరిచి, పట్టుగా తిరుగుతుంది. మెత్తబడే బోల్టు అరవదు. బెల్లం పాకంలా చేతి కింద సాగుతుంది. అంటే అది తిరగలేదు, దాని మెడ మెలిపడింది. ఆ తర్వాత చిటికెన వేలితో తోసినా తల ఊడి వస్తుంది. నా కథంతా ఆ సాగడం దగ్గరే ఉంది.

అరచేతిలో పెట్టాలి

విరిగిన తలని లప్పంతో అతికించి, పైన గ్రీజు పూసి, యజమానికి తెలియకుండా బండి పంపేసేవాళ్లు మా రోజుల్లోనూ ఉన్నారు. మా షెడ్డులో ఆ పప్పులు ఉడికేవి కావు. బోల్టు ఎవరి చేతిలో విరిగితే వాళ్లే ఆ ముక్క తీసుకెళ్లి బండి యజమాని అరచేతిలో పెట్టి, "ఇది నా చేతిలో విరిగింది" అనాలి. ఆ తర్వాత లోపల మిగిలిన మొండిని కూడా వాళ్లే తీయాలి. ఇంకొకరు చెయ్యి వేయకూడదు. అది ఉస్తాదు పెట్టిన ఆనవాయితీ.

నేను పనిలో చేరిన ఏడాదే ఒకటి విరగ్గొట్టాను. బండి ఒక టాక్సీ డ్రైవరుది. వెళ్లి ఆ ముక్క ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నీ మొదటి కాన్పేటి బావా? దండేసి గోడకి తగిలించుకో" అన్నాడు. షెడ్డంతా నవ్వారు. ఆ మొండి తీయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఉస్తాదు నా పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఒక్కసారి కూడా స్పానర్ నా చేతిలోంచి తీసుకోలేదు. తిట్టనూ లేదు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. బాగా మొండికేసిన బోల్టుని మేమందరం నానబెట్టి, తట్టి, కాల్చి సిద్ధం చేసేవాళ్లం. ఆఖరి తిప్పు మాత్రం ఉస్తాదుదే. స్పానర్ మీద నాలుగు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని, లోపలి నుంచి ఎవరో పిలిస్తే వింటున్నట్టు మొహం పెట్టేవాడు. ఆయన తన చేతిలో విరిగిన ముక్కని ఒకరి చేతిలో పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఇరవయ్యొక్క ఏళ్లు చూడలేదు.

తర్వాత చూశాను. ఆ సంగతే చెబుతున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం

ఉక్కునగరం క్వార్టర్స్ నుంచి సత్యంగారని ఒకాయన వచ్చేవారు. స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపే మనిషి, రిటైరవడానికి దగ్గరలో ఉన్నారు. గుండ్రటి దీపాల పాత తెల్లకారు ఆయనది. ఆ కారంటే ప్రాణం. ఆ రోజు ఇంజనులో నీళ్లు మరిగిపోతున్నాయని తెచ్చారు. ఇంజను మీంచి రేడియేటర్‌కి నీళ్లు వెళ్లే దారిలో మెడలాంటి ఇనపముక్క ఒకటి ఉంటుంది. దాన్ని విప్పితే గానీ లోపలేముందో తెలియదు. మూడు బోల్టులు. రెండు వచ్చేశాయి, మూడోది పట్టేసింది.

ఉస్తాదు దాన్ని తట్టి విన్నాడు. నూనె పోశాడు. స్పానర్ తల మీద ఎక్కించి అలాగే వదిలేసి, చేతులు కడుక్కున్నాడు. "జుమ్మాకి ఎల్లొస్తాను. ఒచ్చి తిప్పుతాను. ఈలోగా ఎవులూ ముట్టుకోకండి" అని టోపీ పెట్టుకుని మసీదుకి వెళ్లాడు.

సత్యంగారికి కాళ్లు నిలవడం లేదు. మర్నాడు తెల్లవారుజామున ఎలమంచిలిలో ఆయన చెల్లెలి కొత్తింటి గృహప్రవేశం. ఆ సాయంత్రమే భార్యని తీసుకుని బయలుదేరాలి.

"ఏటి బావా, సాయిబు ఒచ్చి మంత్రమేస్తే గానీ ఇది రాదేటి?" అన్నారు నాతో.

"నానాలండి. బేగి సేస్తే ఇరుగుద్ది" అన్నాను.

"ఇరవయ్యేళ్ల బట్టీ ఇక్కడే ఉన్నావు. ఒక్క బోల్టు నీ సేతికి రాదా? ఇంకెప్పుడొస్తాది, ముసిలోడివైనాకా?" అని నవ్వి, టీ తాగొస్తానని వీధి చివరికి వెళ్లారు. మిగతావాళ్లు అన్నాలకి వెళ్లారు. షెడ్డులో నేనొక్కణ్ణే.

సరదాకి అన్న మాటే. కానీ నాకు నలభై దాటాయి. ఆఖరి తిప్పు ఇంకా నాది కాలేదు. ఆ మాట ముల్లులా దిగింది. మూల నిలబెట్టి ఉన్న రెండడుగుల పైపు తెచ్చి స్పానర్ కాడకి తొడిగాను. ఆయన వచ్చేసరికి మూడో బోల్టు బల్ల మీద ఉండాలి, "ఒచ్చీసినాది ఉస్తాదూ" అనాలి, అంతే నా కోరిక. ఒళ్లంతా ఆన్చి వాలాను.

అది అరవలేదు. సాగింది.

నాకు అప్పుడే తెలిసిపోయింది. పైపు తీసి మూలన పెట్టేశాను. స్పానర్‌ని ఆయన వదిలిన కోణంలోనే మళ్లీ నిలబెట్టాను. మీద ఇంకాస్త నూనె పోసి, పక్కకి వెళ్లి వేరే బండి చక్రం విప్పుతూ కూర్చున్నాను.

ఉస్తాదు వచ్చాడు. "కదిపినావేట్రా?" అని అడిగాడు.

"నేదు ఉస్తాదూ."

ఒక్క మాట నాయనా. అంతే.

ఆయన నాలుగు వేళ్లు ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. బిగించే వైపు పిసరంత తోశాడు. టిక్ మంది. తల స్పానర్‌తో పాటు వచ్చేసింది.

ఆయన బోల్టు వైపు చూడలేదు. తన చేతి వైపు చూసుకున్నాడు. తర్వాత ఆ ముక్క తీసి వెలుగులో పెట్టబోయాడు. విరిగిన మొహం చూసి అది ఎప్పుడు విరిగిందో చెప్పగలడు ఆయన. అప్పుడే విరిగినదైతే పొడిగా బూడిదరంగులో ఉంటుంది. ముందే చీలినదైతే ఆ చీలికలోకి నూనె దిగి అంచు నల్లగా తడిసి ఉంటుంది. నేను లేచి వెళ్లాను.

"ఇటియ్యండి ఉస్తాదూ, తుడిసిత్తాను" అన్నాను. కిరసనాయిలు గుడ్డతో శుభ్రంగా తుడిచి చేతికిచ్చాను.

బోల్టు విరగ్గొట్టడం పొరపాటు. నేదు అనడం భయం. ఆ తుడవడానికి మాత్రం ఇన్నేళ్లుగా నేను వేరే పేరు వెతుక్కుంటూనే ఉన్నాను, పాపం తప్ప ఇంకోటి దొరకలేదు.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "నానేటీ బలమెయ్యనేదు కదరా" అన్నాడు.

"నేదు ఉస్తాదూ."

"మరెందుకిరిగినాదంటావు?"

"ఒక్కోపాలి అలగవుద్ది" అన్నాను.

సత్యంగారు టీ తాగి వచ్చారు. ఉస్తాదు నడిచి వెళ్లి ఆ ముక్క ఆయన అరచేతిలో పెట్టాడు. "ఇది నా సేతిలో ఇరిగినాది బాబూ. తప్పు నాది. మొండి నానే తీసిత్తాను" అన్నాడు.

సత్యంగారు చెడ్డమనిషి కాదు. నోరు ఊరుకోదు, అంతే. "ఏటి సాయిబూ, సెయ్యి ముసిల్దైపోనాదేటి?" అని నవ్వారు. ఉస్తాదు కూడా నవ్వాడు. నేనూ నవ్వాను.

మొండి మీద నట్టు అతికించి, చల్లారేదాకా కూర్చుని, రెండు గంటల్లో ఆయనే తీశాడు. పొద్దు వాలకముందే కారు ఎలమంచిలి బయలుదేరింది. అంతా సవ్యంగానే ముగిసింది కాబట్టి నోరు మూసుకోవడం నాకు ఇంకా సులువైపోయింది.

ఆఖరి తిప్పు

ఆ తర్వాత వారం ఇంకో బోల్టు దగ్గర ఉస్తాదు స్పానర్ మీద వేళ్లు ఆనించి, మళ్లీ తీసేశాడు. "నువ్వు తిప్పురా" అన్నాడు. నేను తిప్పాను. వచ్చేసింది. అందరూ భుజం తట్టారు.

అప్పట్నుంచి టీ గ్లాసు పట్టుకున్నప్పుడల్లా దానిలోని టీ కదులుతోందా అని చూసుకునేవాడు. ఒకరోజు నాతో అన్నాడు: "మా అబ్బాకి కూడా ఒణుకు ఇలగే సేతులతోనే మొదలైనాది. సెయ్యి ముందుగా సెప్పదురా. ఒగ్గేసినాకే తెలుస్తాది." అప్పుడు చెప్పి ఉండాల్సింది. పెదవి దాకా వచ్చింది. పక్కన ఎవరో స్పానర్ అడిగితే ఇవ్వడానికి వెళ్లిపోయాను.

రెండు నెలలకి షెడ్డు తాళాలు నా చేతిలో పెట్టి ఇంటికి వెళ్లిపోయాడు. అందరూ నన్ను మేస్త్రీ అన్నారు. నాకు చేతనైనంతలో షెడ్డు బాగానే నడిపాను. ఆ అరచేతిలో పెట్టే ఆనవాయితీ మాత్రం నా హయాంలో మెల్లగా పోయింది. నేను మానెయ్యమనలేదు. గట్టిగా చెప్పడానికి నాకు నోరు రాలేదు, అంతే.

ఏటా రంజాన్‌కి వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. ఈసారి చెప్పేయాలి అనుకుంటూ మెట్లెక్కేవాణ్ణి. సేమ్యా పాయసం తాగి దిగి వచ్చేసేవాణ్ణి. పెద్దాయన, ఎలాగూ మానేసే వయసే, విశ్రాంతిగా ఉన్నాడు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకునేవాణ్ణి. అవన్నీ వొట్టి మాటలు. ఆఖరి తిప్పు నాదైంది, అది నాకు బాగుంది. అసలు సంగతి అదీ.

మేడ మీద గది

కిందటేడు నా నడుం పట్టేసింది. వంగలేకపోయాను. షెడ్డు ఇంకొకరికి అప్పగించి, ఆ మాట చెప్పడానికి ఉస్తాదు దగ్గరికి వెళ్లాను. మేడ మీద గదిలో కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. ఆయన భార్య జైనబమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

"నానూ పని మానేసినాను ఉస్తాదూ" అన్నాను.

ఆయన ముందుకు వంగి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఏటి, నీకూ సెయ్యి ఒణికినాదేటి?" అని అడిగాడు. ఆ గొంతులో ఎంత జాలి ఉందంటే, నేను తట్టుకోలేకపోయాను. అంతా చెప్పేశాను. పైపు, సాగడం, నూనె, గుడ్డ.

ఆయన నన్ను తిట్టలేదు. పనివాడు అడిగినట్టు అడిగాడు.

"పైపెంత పొడుగు?"

"రెండడుగులది."

"సాగినట్టు నీకు తెలిసినాదా?"

"తెలిసినాది."

"తరవాతే గుడ్డతో తుడిసీసినావు."

"తుడిసీసినాను."

"అయితే ఆ దినం నా సెయ్యి బాగానే ఉన్నాది" అన్నాడు.

"బాగానే ఉన్నాది ఉస్తాదూ. ఏ లోపమూ నేదు."

"ఇంకోపాలి సెప్పు."

చెప్పాను. టీ గ్లాసులతో వచ్చిన భార్యని చూసి, "ఇన్నావేటి? ఆ దినం నా సెయ్యి బాగానే ఉన్నాదంట" అన్నాడు. ఆమెకి మొదట అర్థం కాలేదు. నేనే మళ్లీ మొదట్నుంచి చెప్పాల్సి వచ్చింది. ఆమె వింటూ వింటూ గ్లాసులు కింద పెట్టేసింది.

"అప్పల్రాజూ, ఈ పన్నెండేళ్లలో ఈ ఇంట్లో ముగ్గురు మనవలు పుట్టినారు" అంది. "ఒక్కలిని కూడా ఈయన ఎత్తుకోనేదు. పడేస్తానేటో అని భయం. పక్క మీద పడుకోబెట్టమని, వొంగి సూసి, సేతులు ఎనక్కి కట్టుకునీవోరు. పేరు పెట్టిన దినాన కూడా ఇమ్మంటే గోడకేసి జరిగిపోనారు. పిల్లలంటే ఇష్టం నేదేటని కోడలు నన్నడిగినాది. నానేటి సెప్పాలి దానికి?"

నేను ఆయన దగ్గర ఒక స్పానర్ లాక్కున్నాననుకున్నాను నాయనా, అంతే అనుకున్నాను. ఆ మాటకి నేల మీద కూర్చుండిపోయాను. ఆయన కాళ్లు పట్టుకోబోతే వెనక్కి తీసుకున్నాడు.

"ఇప్పుడైనా ఎత్తుకోండి ఉస్తాదూ. సిన్న మనవరాలు ఉన్నాది కదా" అన్నాను. ఏదో ఒకటి అనాలని అన్నాను.

ఆయన రెండు చేతులూ నా ముందుకి చాపి చూపించాడు. ఎండుటాకుల్లా కదులుతున్నాయి.

"దానికి ఆరేళ్లు నిండిపోనాయిరా. ఇప్పుడు నిజంగానే ఒణుకుతన్నాయి."

కింద ఉన్న గ్లాసు చూపించి, "టీ సల్లారిపోతాది. తాగీసి ఎల్లు" అన్నాడు. క్షమించానని అనలేదు. పొమ్మని గెంటనూ లేదు. జైనబమ్మ నా వైపు చూడకుండానే గ్లాసు అందించింది. మళ్లీ రమ్మని ఎవరూ అనలేదు. నేను వెళ్తూనే ఉన్నాను. తలుపు తీస్తారు, కూర్చుంటాను, ఆయన మాట్లాడితే వింటాను.

ఇదీ నాయనా నాకు తెలిసిన పని. బోల్టులు విరుగుతాయి, మీ చేతుల్లోనూ విరుగుతాయి. వాటిని తీసే దారులు మీకు చెప్పాను, ఇంకా మంచివి మీరే కనిపెడతారు. విరగ్గొట్టిన సంగతి మాత్రం ఆ పూటే చెప్పేయండి. మర్నాటికి దాచి ఉంచితే అది ఎవరింట్లోకి వెళ్లి కూర్చుంటుందో మీకు తెలియదు.

పొద్దుపోయింది, ఇక ఇళ్లకి వెళ్లండి. మీ గడపలు పచ్చగా ఉండాలి. మీ పొయ్యి ఆరకూడదు. మీ తప్పు బరువు ఇంకొకరి భుజమ్మీద పడకూడదు. మీ ఇంట పుట్టే ప్రతి పసిబిడ్డా మీ ఇంటి ముసలాళ్ల చేతుల్లో భయం లేకుండా నిద్రపోవాలి.